సోర్స్ మ్యాప్‌లు ఎక్కుతున్నాయి, ఎర్రర్ మాత్రం చదవడానికి రావట్లేదు

అందరికీ నమస్తే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కొందరు అడ్తి వ్యాపారులకు చిన్న వెబ్ యాప్ చేసిచ్చాను. మిర్చి లాట్ల తూకం, ధర, రైతుకు ఇవ్వాల్సిన పైసలు అందులోనే రాసుకుంటారు. రియాక్ట్‌తో రాశాను, కోడ్‌ను బిల్డ్ చేయడానికి (కుదించి బ్రౌజర్‌కు సిద్ధం చేయడానికి) వీట్ వాడాను.

తూకం సేవ్ చేస్తుంటే కొన్ని ఫోన్లలో తెల్ల స్క్రీన్ వస్తోంది. ఎర్రర్ మానిటరింగ్‌లో చూస్తే ఒకటో లైను, ఎక్కడో వేలల్లో కాలమ్, ఫంక్షన్ పేరు ఒట్టి ‘టి’. దీన్ని పట్టుకుని ఏం వెతకాలి?

కుదించిన కోడ్‌లోని చోటు అసలు కోడ్‌లో ఎక్కడుందో చెప్పే ఫైలే సోర్స్ మ్యాప్. వీట్‌లో దాన్ని ‘హిడెన్’ పెట్టాను, అంటే మ్యాప్ తయారవుతుంది కానీ జేఎస్ ఫైలులో దాని లింక్ ఉండదు. బిల్డ్ అయ్యాక కమాండ్ లైన్ టూల్‌తో డీబగ్ ఐడీలు (జేఎస్ ఫైలును దాని మ్యాప్‌తో జతచేసే గుర్తులు) ఇంజెక్ట్ చేసి, ఎర్రర్ మానిటరింగ్ సర్వీస్‌కు అప్‌లోడ్ చేసి, మ్యాప్ ఫైళ్లు తీసేసి డిప్లాయ్ చేస్తున్నాను. మ్యాప్‌లు పబ్లిక్‌గా ఉంచమని మాత్రం చెప్పకండి, అది నాకిష్టం లేదు. అప్‌లోడ్ లాగ్‌లో అంతా సక్సెస్సే.

అయితే ఒకటి గమనించాను. బిల్డ్ అయిన ఫైళ్లుండే డిస్ట్ ఫోల్డర్‌లోని జేఎస్ ఫైలు చివర డీబగ్ ఐడీ కామెంట్ ఉంది. బ్రౌజర్‌కు వచ్చే అదే పేరున్న ఫైలులో లేదు! ఇంజెక్ట్ చేసేది బిల్డ్ తర్వాత కాబట్టి లోపలి కోడ్ మారినా పేరులోని హాష్ (బిల్డ్‌లో కోడ్‌ను బట్టి వచ్చే అక్షరాల గుర్తు) మారదు. అందుకే ఫైళ్ల కాపీలు దాచి అందించే సీడీఎన్ సర్వర్లు, ఫోన్ బ్రౌజర్‌లో కాపీలు దాచే సర్వీస్ వర్కర్ పాత కాపీనే ఇస్తున్నాయని నా అనుమానం.

క్యాష్ (దాచిన ఆ పాత కాపీలు) ఖాళీ చేస్తే చాలా, లేక బిల్డ్ జరిగేటప్పుడే ఐడీ పెట్టే వీట్ ప్లగిన్‌కు మారాలా? పాత ఎర్రర్ల సంగతి వదిలేయండి, ఇకపై వచ్చేవి అర్థమైతే చాలు. మిర్చి సీజన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.