స్ప్లెండర్ మీద నత్రజని జార్ కుదుపు తగలకుండా ఎక్కడ, ఎలా బిగించాలి?

కనిగిరి గోపాలమిత్ర:

అందరికీ నమస్కారం. కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో పదమూడేళ్లుగా గోపాలమిత్రగా పనిచేస్తున్నాను. ఎదకు వచ్చిన గేదెలకు, ఆవులకు ఇంటికెళ్లి చూడి కట్టడానికి వీర్యం సూది (కృత్రిమ గర్భధారణ) వేసే పని. బండి 2016 స్ప్లెండర్ ప్లస్. రోజుకు అరవై, డెబ్భై కిలోమీటర్లు తిరుగుతాను. అందులో సగం కంకర తేలిన దారి.

నా సామాను పెద్ద బరువేమీ కాదు. వీర్యం స్ట్రాలు చెడిపోకుండా గడ్డకట్టిన చలిలో ఉంచే మూడు లీటర్ల ద్రవ నత్రజని జార్ నిండా పోసినా ఏడు కిలోలు దాటదు. సూది వేసే గన్ను, దాని మీద తొడిగే షీత్‌ల ప్యాకెట్టు, చేతి గ్లౌజులు, వేడినీళ్ల ఫ్లాస్కు, స్ట్రా కరిగించే గిన్నె, కత్తెర, తువ్వాలు, రిజిస్టరు, గమ్‌బూట్లు, మినరల్ మిక్స్చర్ ప్యాకెట్లు నాలుగైదు. అన్నీ కలిపి పదిహేను కిలోలు.

ఇబ్బంది అంతా జార్‌తోనే. మూడేళ్ల కిందట టౌనులో ఒక వెల్డింగ్ షాపులో ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్డుతో బోను చేయించి, ఎడమవైపు శారీగార్డు మీద వేలాడదీశాను. అడుగున గోనెసంచి మడిచి వేసి జార్‌ను అందులో దింపేవాడిని. మొన్న మే నెలలో ఒకరోజు పొద్దున చూస్తే జార్ మెడ చుట్టూ మంచు పట్టి ఉంది, దాని ఒళ్లంతా చెమట. పద్దెనిమిది రోజులు వచ్చే నత్రజని ఆరు రోజులకే అడుగంటింది. అంతకుముందు వారం నుంచే తగ్గుతూ ఉండి ఉంటుంది, నేను గమనించలేదు. ఆ వారంలో వేసిన సూదులు పదకొండు. రిజిస్టరు తీసి ఆ పదకొండు ఇళ్లకూ వెళ్లి, ఈసారి చూడి కట్టకపోవచ్చు, మళ్లీ ఎదకొస్తే కబురు చేయండి, డబ్బు వద్దు అని చెప్పి వచ్చాను. ఏడు గేదెలు తిరిగి పొర్లాయి, అంటే చూడి కట్టక మళ్లీ ఎదకొచ్చాయి. ఒక ఇంట్లో రెండే గేదెలు, ఆ రెండింటి పాలమీదే ఆమె ఇద్దరు పిల్లలను చదివిస్తోంది. ఒక ఎద పోతే 21 రోజులు పోయినట్టే. అన్ని రోజులు పాలు వెనక్కి జరుగుతాయి, మేత ఖర్చు మాత్రం ఆగదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా మనసులోనే ఉంది.

కొత్త జార్ వచ్చింది. దీన్ని మళ్లీ ఆ బోనులో పెట్టడానికి చేయి రావడం లేదు. ఎక్కడ బిగిస్తే కుదుపు తక్కువ? వెనక క్యారియర్ మీదా, సీటు మీదా, ముందు ట్యాంకు మీదా? సీటు సగం కోయించుకోమని ఒకరు అన్నారు. కానీ ఆదివారం నా భార్యనూ పాపనూ ఎక్కించుకోవాలంటే ఉన్న బండి ఇదొక్కటే. మూడు వేల వరకు పెట్టగలను.

మార్కాపురం వెల్డింగ్ పని:

తమ్ముడూ, పాల క్యాన్ల స్టాండ్లు, కూరగాయల బుట్టల స్టాండ్లు, గ్యాస్ సిలిండర్ల స్టాండ్లు ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. నీ బోనులో తప్పు ఏమిటో వింటుంటేనే తెలుస్తోంది.

పాల క్యాన్‌కు చేసే స్టాండునే నీకూ చేసి ఇచ్చారు. క్యాన్ నలభై కిలోలు, దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. లోపల పాలు కదిలినా నష్టం లేదు. నీ జార్ ఏడు కిలోలు, అది రాడ్డు బోనులో ఎగిరెగిరి పడుతుంది. గోనెసంచి నెల రోజులకే అణిగి అట్టలా అవుతుంది. ఆ తర్వాత లోహం మీద లోహమే. పైగా ఎడమవైపు ఒక్కదానికే బరువు కాబట్టి బండి ఆ పక్కకు లాగుతూ ఉంటుంది. నువ్వు అలవాటుపడి పట్టించుకోవడం మానేసి ఉంటావు.

చోటు సంగతి. వెనక చక్రం గుంటలో పడి లేచినప్పుడు ఇరుసుకు వెనకాల ఉన్నదంతా తోకలా విసిరికొడుతుంది. క్యారియర్ ఉన్నది అక్కడే, అందుకని జార్‌కు అది పనికిరాదు. బూట్లూ తువ్వాలూ పెట్టుకో. రెండు ఇరుసుల మధ్యన, నీ వీపుకు ఆనినట్టు సీటు మీద పెడితే విసురు బాగా తగ్గుతుంది. ట్యాంకు మీద వద్దు. హ్యాండిల్ తిప్పేటప్పుడు అడ్డం, ఒలికితే నీ తొడల మీదే.

ఉన్న సీటు కోయకు. పాత సామాన్ల షాపులో స్ప్లెండర్ సీటు ఒకటి కొను, నాలుగైదు వందలకు దొరుకుతుంది. దాని వెనక సగం కోయించి, ఆ చోట మూడు మిల్లీమీటర్ల రేకు పళ్లెం, చుట్టూ మూడంగుళాల అంచు. పళ్లానికి ముందు కాళ్లు సీటు బోల్టుల దగ్గర, వెనక కాళ్లు క్యారియర్ బోల్టుల దగ్గర కూర్చోవాలి. ఆదివారం బోల్టులు విప్పి అసలు సీటు వేసుకో, పది నిమిషాల పని.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టనివ్వకు. పెడతానంటే బండి తీసుకుని వచ్చేయి. కాలిన చోట పైపు పెళుసవుతుంది, ఏడాదికో రెండేళ్లకో అక్కడే పగులుతుంది. వైరింగ్ కూడా అటునుంచే పోతుంది. ఏం చేసినా ఉన్న బోల్టులకే, కొంచెం పొడుగు బోల్టు వేసి, నైలాన్ నట్టుతో బిగించాలి. మామూలు నట్టు కంకరదారిలో వారం నిలవదు.

పళ్లెం కాళ్ల కింద పాత షాకబ్జర్ల రబ్బరు బుష్‌లు వేయించు, ఏ మెకానిక్కైనా ఊరికే ఇస్తాడు. జార్ కింద బరువైన టైరు ముక్క వద్దు, అది గట్టిది. లారీ ట్యూబును గుండ్రంగా రెండు పొరలు కత్తిరించి, మధ్యలో అంగుళంన్నర గట్టి ఫోము పెట్టు. మెత్తటి ఫోము అయితే జార్ ఊగుతుంది.

పాత కాంపౌండరు (రిటైర్డ్):

నాయనా, పదకొండు ఇళ్లకూ తిరిగి చెప్పి వచ్చావు చూడు, అది చదివి నీకు రాయాలనిపించింది. నేను పశువుల ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. మొదట్లో సైకిలు మీద, తర్వాత లూనా మీద, చివరికి మోటారు సైకిలు మీద జార్ మోశాను.

బండి గురించి వెల్డింగ్ ఆయన చెప్పింది సరిపోయింది. జార్ లోపల ఏముందో తెలిస్తే ఎందుకు పాడైందో నీకే అర్థమవుతుంది. జార్ అంటే పాత్రలో పాత్ర. రెండింటి మధ్య గాలి తీసేసి ఉంటుంది. లోపలి పాత్ర కిందా పక్కలా దేనికీ ఆనదు, పైన మెడ గొట్టానికి వేలాడుతూ ఉంటుంది. నువ్వు గుంటలో పడిన ప్రతిసారీ ఆ బరువంతా మెడనే గుంజుతుంది. నెర్రె కంటికి కనపడనంత సన్నగా పడినా చాలు, గాలి లోపలికి దూరి చలి బయటకు వచ్చేస్తుంది. చెమట, మంచు పట్టడమంటే ఇదే. అందుకే పక్కకు ఒరిగి ఊగడం అన్నిటికన్నా చెడ్డది. కింద ఎంత మెత్తగా వేసినా, పక్కలకు ఊగకుండా చుట్టూ పట్టి ఉంచకపోతే లాభం లేదు. పట్టీ జార్ భుజం మీదుగా పోవాలి, మెడకు ఎప్పుడూ తాడు కట్టకు.

సైడ్ స్టాండు మీద బండి నిలపడం మానేయి. ఊళ్లో ఒక్కో ఇంటి దగ్గర అరగంట నిలుపుతాం, అంతసేపూ జార్ ఒరిగే ఉంటుంది. మధ్య స్టాండు వేయి, లేదా జార్ దించి నీడలో పెట్టు.

మూత బిగుతుగా పెట్టకూడదని నీకు తెలుసు. కానీ వాన వస్తే పాలిథిన్ కవరు కప్పి మెడ చుట్టూ రబ్బరు బ్యాండు వేసేవాళ్లను చూశాను. నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఆవిరైతే దాదాపు ఏడు వందల రెట్లు అవుతుంది. దానికి దారి ఉండాలి. నువ్వు చేయించే పెట్టెకూ మూత పెట్టకు.

రోజూ పొద్దున బయల్దేరే ముందు పుల్ల ముంచి చూడు. తీసి గాల్లో ఆడిస్తే మంచు పట్టినంత మేర నత్రజని ఉన్నట్టు. ఆ కొలత రిజిస్టరులో రాయి. రోజుకు ఎంత తగ్గుతుందో ఒక నెల రాస్తే, తేడా వచ్చిన రోజే తెలిసిపోతుంది. మళ్లీ పదకొండు ఇళ్ల దాకా రాదు.

నల్లమల దారి:

అన్నా, నేను పశువుల మనిషిని కాదు. ఇదే స్ప్లెండర్ మీద బ్యాగులు కట్టుకుని శ్రీశైలం, అహోబిలం, ఒకసారి అరకు దాకా తిరిగినవాడిని. ఒక్కటే అడుగుతాను. వెనక టైరులో గాలి ఎంత కొట్టిస్తున్నారు? వెనక షాకబ్జర్ల కింద మెట్టు మెట్టుగా తిప్పే రింగు ఉంటుంది, అది ఎన్నో మెట్టు మీద ఉంది?

గాలి అంకె చైన్ కవరు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. ఒక్కరికి ఒకటి, ఇద్దరికి ఒకటి. సామాను ఉంది కదా అని ఇద్దరి అంకె కొట్టిస్తారు చాలామంది. మీ పదిహేను కిలోలు మనిషి బరువులో నాలుగోవంతు కూడా ఉండదు. టైరు రాయిలా ఉంటే ఎంత ఫోము వేసినా దండగే.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే పోలీసులు ఆపితే మీ పని ఆగుతుంది. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో బండి మీద పెట్టె గురించి చేర్చారు. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లకు మించకూడదు. పెట్టె వెనక మనిషి కూర్చునే చోట పెడితే ఇంకో మనిషిని ఎక్కించకూడదు. మీ పళ్లెం ఆ కొలతల్లోనే పడుతుంది. శారీగార్డు మాత్రం తీయకండి, అది ఉండి తీరాలి. బోను తీసేశాక ఆ బోల్టులకే గన్నూ షీత్‌లూ పెట్టుకునే చిన్న క్యాన్వాసు సంచి తగిలించుకోవచ్చు. కుడివైపు సైలెన్సర్ ఉంది కాబట్టి ప్లాస్టిక్, రబ్బరు సామాను అటు పెట్టకండి.

పశుసఖి, మహబూబ్‌నగర్ జిల్లా:

అన్నా, నేను టీవీఎస్ ఎక్సెల్ మీద టీకాల ఐసు డబ్బా తీసుకపోత. ముందర కాళ్ల దగ్గర పెట్టుకుంట, కండ్ల ముందే ఉంటది, కుదుపు కూడా తక్కువనే. స్ప్లెండర్‌కు ముందట జాగ ఉండదు, అది ఎరుకే. కానీ ఒక్క ముచ్చట. సీటు మీద జార్ పెడితే బండి ఎక్కేటప్పుడు కాలు వెనకకెళ్లి తిప్పరాదు, జార్‌కు తాకుతది. ట్యాంకు మీదికెళ్లి కాలు వేసి ఎక్కుడు ముందే అలవాటు చేసుకో. నేను మా తమ్ముని బండి మీద ఒకసారి డబ్బా గట్లనే తన్ని పడేసిన, ఇరవై గొర్ల మందు నేలపాలైంది.

కనిగిరి గోపాలమిత్ర:

ఇరవై ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. ముందే రాయకపోవడానికి కారణం, ఒక నింపు పూర్తిగా గడిచాక చెబుదామని.

నల్లమల తమ్ముడూ, స్టిక్కరు తుడిచి చూశాను. ఒక్కరికైతే వెనక 28 అని ఉంది. నేను 40 కొట్టిస్తున్నాను, ఏళ్ల తరబడి. షాకబ్జర్లు అయిదో మెట్టు మీద ఉన్నాయి. పాప పుట్టాక ముగ్గురం ఎక్కుతున్నామని ఎప్పుడో తిప్పించి వదిలేశాను. ముందు ఆ రెండూ సరిచేసి, పాత బోనులోనే నీళ్లు నింపిన డబ్బా పెట్టి వెలిగండ్ల దారిలో వెళ్లి వచ్చాను. అదే దారి, అదే బోను, చప్పుడు సగమైంది. మూడేళ్లు ఆ జార్‌ను నేనే కొట్టించానని అప్పుడు అర్థమైంది.

సీటు అయిదు వందల యాభైకి దొరికింది. పళ్లెం, కాళ్లు, బోల్టులు కలిపి పద్నాలుగు వందలు. ఛాసిస్‌కు చుక్క పెడితే గట్టిగా ఉంటుందని వెల్డింగ్ షాపు ఆయన అంటే వద్దన్నాను. అంచు మూడంగుళాలు చాలలేదు, అయిదు పెట్టించాను. జార్ భుజం మీదుగా రెండు నూలు పట్టీలు, అడ్డంగా ఒకటి. చుట్టూ పాత పరుపు దూదిని క్యాన్వాసులో కుట్టి నా భార్య నాలుగు దిండ్లు చేసి ఇచ్చింది. అవి బాగా పట్టాయి, రబ్బరు కన్నా నయం. ఎండకు తెల్లగుడ్డ తొడుగు కూడా ఆమె కుట్టిందే, మెడ దగ్గర తెరిచి ఉంటుంది.

చెల్లెమ్మా, ట్యాంకు మీదుగా ఎక్కడం వారానికి అలవాటైంది. ఇంటి ముందు ఖాళీ జార్‌తో రోజూ పదిసార్లు ఎక్కి దిగాను.

సార్, మీరు చెప్పినట్టు పుల్ల కొలత రోజూ రాస్తున్నాను. మొదటి వారం రోజుకు దాదాపు ఒకే లెక్కన తగ్గింది. తొమ్మిదో రోజు కొంచెం ఎక్కువ తగ్గితే భయపడ్డాను. ఆ రోజు పద్నాలుగు సూదులు వేశాను, మూత అన్నిసార్లు తీశాను కదా, అందుకేనని తర్వాత తేలింది. ఇరవయ్యో రోజు నింపించాను, అప్పటికి ఇంకా మూడు వేళ్ల ఎత్తు ఉంది.

ఆ రెండు గేదెల ఇంటికి రెండోసారి కొత్త జార్‌తోనే వెళ్లాను. పొద్దున ఎదకొచ్చిందని ఆమె ఫోన్ చేస్తే సాయంత్రం వేశాను. చూడి కట్టిందో లేదో పరీక్ష చేసి చూడాలంటే ఇంకా రెండు నెలలు ఆగాలి.

ఒక్కటి మిగిలింది. వానాకాలం వస్తోంది. మెడ మూయకుండా, పైన నీళ్లు పడకుండా గొడుగులాంటిది పళ్లెం అంచుకు నిలబెట్టాలి. గాలికి పడవతెరలా కాకూడదు. ఎవరైనా చేసి ఉంటే కొలతలు చెప్పండి.