అప్‌డేట్: బెంగళూరు నుంచి కారు అనంతపురం చేరింది

బదిలీ మీద అనంతపురం వస్తూ కారును లారీలో పంపాలా, నేనే నడపాలా అని అడిగాను. మీలో ఎక్కువమంది చెప్పినట్లే నేనే నడుపుకొని వచ్చాను. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లే కనుక, తెల్లవారుజామున బయలుదేరి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ తాగి, టైర్ల వేడిని చేత్తో తాకి చూసుకుని, ఎండ ముదరకముందే ఇల్లు చేరాను.

అసలు పని కాగితాలదే. కారు వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి; అందుకు పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం ముందే తీసుకోండి. అది లేకుండా వచ్చేయడంతో నేను మళ్లీ సెలవు పెట్టవలసి వచ్చింది.

అమ్మ ఢిల్లీ ప్రయాణానికి దేవనహళ్లి విమానాశ్రయం ఇదే దారిలో, బెంగళూరుకు ఇవతలే ఉండడం ఎంతో కలిసివచ్చింది. పెట్టెలో సర్దిన పవర్‌బ్యాంకును మాత్రం బయటికి తీసి ఆమె చేతిసంచిలో పెట్టాను.