సోల్ అంటే ఆత్మేనా?

పాశ్చాత్య సంగీతం మీద వారం వారం చిన్న పరిచయాలు రాస్తుంటాను. ఈసారి ఒక ఎలక్ట్రానిక్ నియో-సోల్ డ్యువో కొత్త సింగిల్ గురించి రాయాలి. సోల్ అంటే అమెరికాలో పుట్టిన ఒక పాట తీరు, నియో-సోల్ దాని కొత్త రూపం. డ్యువో అంటే ఇద్దరి బృందం. బద్ధకించి మొదటి వాక్యాన్ని అనువాద యాప్‌లో వేశాను. "ఎలక్ట్రానిక్ నవ ఆత్మ జంట కొత్త ఒంటరి విడుదల" అని వచ్చింది. చదివి వినిపిస్తే మా ఆవిడ "ఎవరికి దెయ్యం పట్టింది?" అంది.

'ఒంటరి' సంగతి తేలికే. ఫస్ట్ సింగిల్, సెకండ్ సింగిల్ అని సినిమావాళ్ళు మన చెవులకు ఎప్పుడో అలవాటు చేసేశారు, అలాగే ఉంచేస్తాను.

'జంట' దగ్గర కాస్త ఆగాను. జంట కవులు అంటే ఎవరికీ అపార్థం లేదు. కానీ న్యూయార్క్ డ్యువో లయన్ బేబ్‌ను తీసుకోండి. 2012లో వాళ్ళ మొదటి పాట వచ్చింది. పాడేది జిలియన్ హెర్వీ, బీట్ కట్టేది లూకస్ గుడ్‌మన్. ఒక ఆవిడ, ఒక ఆయన. "ఈ జంట పాట" అని రాస్తే పెళ్ళెప్పుడైందని అడుగుతారు. ద్వయం అందామంటే పద్యం చదువుతున్నట్టుంటుంది. "ఇద్దరూ కలిసి" అని రాసి బయటపడ్డాను.

అసలు చిక్కు సోల్‌తోనే. 'ఆత్మ సంగీతం' అంటే నా చెవికి ఎక్కడం లేదు. ఎందుకో చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

గుంటూరు నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
ఎందుకు ఎక్కడం లేదంటే, పాట గురించి మాట్లాడేటప్పుడు మనం ఆత్మను పిలవం. ప్రాణం పెట్టి పాడాడు అంటాం. పాటకు ప్రాణం పోసింది అంటాం. స్వరాలన్నీ సరిగ్గా పడ్డా పాటలో జీవం లేదంటాం. "ఆత్మ పెట్టి పాడాడు" అని ఎవరైనా అనగా విన్నారా? భోజనమయ్యాక ఆత్మారాముడు శాంతించడం ఒక్కటే సరదా మాట. మిగతావన్నీ వేదాంతం, లేదా సంతాప సభ.

హైదరాబాద్ నుంచి:
మాస్టారూ, ఒక్క అభ్యంతరం. ఈ సోల్ పుట్టిందే నల్లజాతి అమెరికన్ల చర్చిలో. 1950ల్లో రే చార్లెస్ లాంటి గాయకులు గాస్పెల్, అంటే ఆ చర్చి భక్తిగీతాలు, పాడే తీరును తెచ్చి ప్రేమ పాటల్లో పెట్టారు. సోల్ గాయకుడు సామ్ కుక్ అంతకు ముందు పాడిన గాస్పెల్ బృందం పేరే సోల్ స్టిరర్స్, అంటే సోల్‌ను కదిలించేవాళ్ళు. దేవుడి ముందు నిలబడే సోల్ అది. దాన్ని ఆత్మ అనకపోతే ఇంకేమంటాం? "ప్రాణం పెట్టి పాడడం" వేరు, ఇది వేరు.

ఒంగోలు నుంచి, చర్చి క్వయర్‌లో పాడే ఆవిడ:
అన్నయ్యా, చర్చిదాకా వచ్చారు కాబట్టి లోపలికి కూడా రండి. 103వ కీర్తన ఇంగ్లీషులో "బ్లెస్ ద లార్డ్, ఓ మై సోల్" అని మొదలవుతుంది కదా. తెలుగు బైబిల్లో అదే చోట "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అని ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఆ మాటలే మా నోట. "నా ఆత్మా" అని ఉండదు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో స్పిరిట్, సోల్, బాడీ మూడూ పక్కపక్కనే వస్తాయి. తెలుగులో "మీ ఆత్మయు, జీవమును శరీరమును" అని ఉంది. స్పిరిట్‌కి ఆత్మ, సోల్‌కి జీవం. మాకు ఆత్మ అనగానే పరిశుద్ధాత్మే గుర్తొస్తాడు. అంటే ఈ చోట్ల సోల్‌కి ప్రాణమని, జీవమని మన అనువాదకులు ఎప్పుడో రాసేశారు. మాస్టారు చెప్పిన రెండు మాటలూ అవే, చూడండి.

హైదరాబాద్ నుంచి:
ఇది నేను ఊహించలేదమ్మా. వెనక్కి తగ్గాను.

మాస్టారు:
అమ్మాయి మాటతో నాకు పోతన గజేంద్రుడు గుర్తొచ్చాడు. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అంటాడు. చూశారా, బహువచనం. ప్రాణాలు ఐదని కదా లెక్క. ఇప్పటికీ ఆ లెక్క మన మాటల్లో మిగిలే ఉంది. "ప్రాణాలు తీశాడు" అంటే పోలీసు కేసు. "ప్రాణం తీస్తున్నాడు" అంటే ఫోన్ మీద ఫోన్ చేసి విసిగిస్తున్నాడని.

కరీంనగర్ నుంచి:
మా దిక్కు "పానం మంచిగ లేదు" అంటే జ్వరమో, ఒళ్ళు నొప్పులో. మీరు 'ప్రాణ సంగీతం' అని రాస్తే మా అమ్మ "ఎవలికి పానం బాగలేదు?" అని అడుగుతది. పాట గురించి చెప్పేటప్పుడు ప్రాణం అనండి, సరే. ఆ సంగీతం పేరుకు మాత్రం వద్దు. గజల్‌ను గజల్ అనే అంటున్నం గదా, ఎవరికైనా కష్టమైందా?

చెన్నై నుంచి, సంగీతం చెప్పుకునే ఆవిడ:
ఇంకొక్క మాట. త్యాగరాజస్వామి సారమతి రాగ కీర్తనలో "ప్రాణానల సంయోగము వల్ల" ప్రణవనాదం సప్తస్వరాలైందన్నారు. ప్రాణమూ అగ్నీ కలిస్తే నాదం. శాస్త్రంలో అక్కడ ప్రాణమంటే ఊపిరి. నా శిష్యులకు మొదట నేర్పేది కూడా అదే, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో. నా మట్టుకు నాకు సోల్ గాయనిని వింటుంటే చెవి ముందు ఊపిరి మీదికే పోతుంది.

హైదరాబాద్ నుంచి:
కరీంనగర్ అన్న మాటకు నా ఓటు. అసలు నియో-సోల్ అన్నది పాడినవాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. 1990ల చివర్లో మోటౌన్ రికార్డుల సంస్థ పెద్దగా ఉన్న కేదార్ మాసెన్‌బర్గ్ మార్కెట్ కోసం వాడుకలోకి తెచ్చిన పేరు. ఆ ముద్ర వద్దన్న గాయకులూ ఉన్నారు. అట్ట మీది పేరుకు అనువాదం ఏమిటి? అనువాదం కావలసింది లోపలి సరుకుకు.

మొదట అడిగిన నేను:
అందరికీ థాంక్సండీ. రాత్రి కూర్చుని ఇలా మార్చాను, చూడండి: "ఇద్దరూ కలిసి చేసిన కొత్త సింగిల్ ఇది. బీట్ కట్టింది కంప్యూటర్ మీద. ప్రాణం మాత్రం ఆవిడ గొంతులో ఉంది, ముఖ్యంగా చరణం ముందు తీసుకునే ఊపిరిలో. ఈ తరహా పాటను నియో-సోల్ అంటారు." ఊపిరి మాట చెన్నై అమ్మగారి దగ్గర అప్పు తీసుకున్నాను.

మాస్టారు:
బాగుంది. అయితే 'బీట్ కట్టడం' మొదటి పోస్టులో కూడా రాశారు. బాణీ కట్టడం విన్నాను, గజ్జె కట్టడం విన్నాను. బీట్ కట్టడం ఇదే వినడం. తప్పనడం లేదు, ఎక్కడ విన్నారు?

మొదట అడిగిన నేను:
ఎక్కడా వినలేదు మాస్టారూ. రాస్తుంటే అలా వచ్చేసింది.