ఐసీయూలో నోరు శుభ్రం చేయడం, ఒళ్లు తుడవడం ఎప్పుడూ షిఫ్టు చివరికే ఎందుకు మిగులుతున్నాయి?

ప్రశ్న (తొలిమెట్టు)

పెద్దల ఐసీయూలో నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది. వెంటిలేటర్ అలారాలన్నా, రక్తపోటును నిలబెట్టే మందుల పంపులన్నా మొదట్లో ఉన్న భయం చాలావరకు పోయింది. నా ఇబ్బంది వేరు. నోరు శుభ్రం చేయడం, ఒళ్లు తుడవడం, కళ్లు చూడడం, రోగిని పక్కకు తిప్పడం వంటి పనులు రోజూ వెనక్కి పోతున్నాయి. నాకు అప్పగించిన ఇద్దరిలో ఒకరి పరిస్థితి విషమించిందంటే, రెండవవారి నోరు ఆ షిఫ్టంతా ఎవరూ చూడరు. మందు పది నిమిషాలు ఆలస్యమైతే అడిగేవారుంటారు కానీ, నాలుక మీద పొర కట్టిందేమని అడిగేవారు లేరు.

గత వారం ఒక రోగికి శ్వాసగొట్టం టేపు మార్చుతుంటే పెదవి మూలన పుండు కనిపించింది. అంతకు ముందు మూడు షిఫ్టులలోనూ చార్టులో ‘నోటి సంరక్షణ జరిగింది’ అనే ఉంది. వాటిలో ఒక సంతకం నాది. ఈ పనులకు మీరు వేళ ఎలా కుదుర్చుకుంటున్నారు? పరిస్థితి నిలకడగా లేని రోగిని తిప్పాలా, వద్దా అన్నది మీ దగ్గర ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు (పాతకాపు)

సిస్టర్ గారూ, అటువంటి సంతకాలు నావీ ఉన్నాయి.

‘ప్రాథమిక సంరక్షణ’ అన్న పేరే మనల్ని కొంత తప్పుదారి పట్టించిందని నా అభిప్రాయం. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి మింగలేడు, గొట్టం వల్ల నోరు తెరుచుకునే ఉంటుంది, లాలాజలం ఎండిపోతుంది. కొద్ది రోజులలోనే నోటిలోని సూక్ష్మజీవుల తీరు మారి, కఫ్ (శ్వాసగొట్టం చుట్టూ ఉబ్బి ఉండే గాలిబుడగ) పైన నిలిచిన స్రావాలు కొద్దికొద్దిగా ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియాకు దారితీస్తాయి. కఫ్ ఒత్తిడిని 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంచడం, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం ఎంత ముఖ్యమో, పళ్లు తోమడమూ అంతే ముఖ్యం. 2022లో అమెరికాలో సవరించిన మార్గదర్శకాలు మెత్తటి బ్రష్షుతో తోమడాన్ని సిఫారసు చేస్తూ, సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో నోరు కడగడం సాధారణంగా వద్దన్నాయి. ద్రావణం పూసి చార్టులో టిక్కు పెట్టడం తేలిక కనుక, ఈ మార్పు చాలామందికి ఇంకా మింగుడుపడలేదు.

నేను వేళ వెతుక్కోవడం మానేశాను. షిఫ్టు మొదట్లో కంటిపాపలు చూడడానికి టార్చి ఎలాగూ తీస్తాం. అదే టార్చితో రెప్పలు పూర్తిగా మూతపడుతున్నాయా, నోరు ఎలా ఉంది, టేపు కింద చర్మం ఎలా ఉంది అన్నవీ చూసేస్తాను. సెడేషన్‌లో, అంటే మత్తుమందు ప్రభావంలో, రెప్ప సగం తెరుచుకుని ఉంటే కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) ఎండి పుండు పడుతుంది కాబట్టి, జెల్ వేసే పనిని వాయిదా వేయను. గొట్టాన్ని పెదవి రెండవ మూలకు మార్చేటప్పుడు మాత్రం ఒక్కరే చేయకండి: ఒకరు గొట్టం పట్టుకోవాలి, పళ్ల దగ్గర ఎన్ని సెంటీమీటర్లుందో ముందూ తరువాతా చూడాలి.

జవాబు (మూడో షిఫ్టు)

పాతకాపు గారి మాటలతో ఏకీభవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తాను. అన్నీ వేళకు జరిగి తీరాలన్న పట్టుదల కూడా రోగికి చేటు చేస్తుంది. పగటి షిఫ్టుకు భారం తగ్గుతుందని తెల్లవారుజామున మూడింటికి దీపాలు వేసి ఒళ్లు తుడిచే అలవాటు ఎన్నో చోట్ల ఉంది. ఐసీయూలో మతిభ్రమకు నిద్రలేమి తోడైతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఆ స్నానం రోగి కోసం కాదు, మన పట్టిక కోసం.

తిప్పడం గురించి అడిగారు. మా యూనిట్‌లో నర్సూ డాక్టరూ కలిసి నిర్ణయిస్తారు. రక్తపోటును నిలబెట్టే నోరాడ్రినలిన్ ఎక్కువ మోతాదులో నడుస్తున్న రోగిని తిప్పగానే రక్తపోటు, ఆక్సిజన్ పడిపోవచ్చు; చాలామందిలో ఐదు పది నిమిషాలలో అవి కోలుకుంటాయి కాబట్టి పక్కనే నిలబడి చూస్తాం, కోలుకోకపోతే తిరిగి వెల్లకిలా పడుకోబెడతాం. పూర్తిగా తిప్పలేని రోజున కొద్దిగా మాత్రమే వాల్చి, పిక్కల కింద దిండు పెట్టి మడమలను పరుపుకు తగలకుండా లేపి, తలను కాస్త జరుపుతాం. తల వెనుక పుండును మేము ఒకసారి చాలా ఆలస్యంగా చూశాం, జుట్టు కప్పేసింది. మెదడులో ఒత్తిడి పెరిగిన రోగికైతే సక్షన్ (గొట్టంలోని స్రావాలను పీల్చి తీయడం), స్నానం, తిప్పడం ఒకేసారి పెట్టుకోకుండా మధ్యలో విరామం ఇస్తాం.

జవాబు (చార్టు గడి)

చార్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. చేయలేకపోయిన పనిని చేసినట్లు రాస్తే, మనుషులు చాలడం లేదన్న సంగతి ఎప్పటికీ బయటపడదు. నర్సింగ్ పరిశోధనలో దీన్ని ‘తప్పిపోయిన సంరక్షణ’ అంటారు. బియాట్రిస్ కాలిష్ 2006లో దీనిపై రాసిన నాటి నుంచి, తిప్పడం, నడిపించడం, నోటి శుభ్రత వంటివే తరచుగా తప్పిపోతున్నాయని అధ్యయనాలు చూపుతూ వచ్చాయి. గొట్టాలున్న రోగిని భద్రంగా తిప్పడానికి ముగ్గురు నలుగురు కావాలి. మా దగ్గర ‘జరగలేదు’ అని నిజం రాయడం మొదలుపెట్టినప్పుడు పైవారికి నచ్చలేదు. కొన్నాళ్లకు ఆ ఖాళీలన్నీ హ్యాండోవర్ (ఒక షిఫ్టు మరో షిఫ్టుకు రోగులను అప్పగించే) వేళ చుట్టూనే పోగుపడుతున్నాయని వారే గమనించి, సహాయకుల పని వేళలను ఆ గంటకు మార్చారు.

తొలిమెట్టు

అందరికీ ధన్యవాదాలు. టార్చి పద్ధతి మూడు రోజులుగా పాటిస్తున్నాను. నిన్న ఒకరి కంటి తెల్లగుడ్డు ఉబ్బి రెప్ప మూతపడకపోవడం ఉదయమే కనిపించింది. మధ్యాహ్నం రెండవ రోగిని తిప్పడానికి మనుషులు దొరకలేదు. ‘జరగలేదు’ అని మొదటిసారి రాశాను. కారణం రాయడానికి మా ఫారంలో గడి లేదు. అంచున చిన్న అక్షరాలతో రాయవలసి వచ్చింది.