నిజాం కాలపు రసీదుల మీది స్టాంపులు: ఊడదీయాలా, అట్లనే ఉంచాలా?

నకిరేకల్ నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్తే. పాత రేకు సందుగల నిజాం జమానా కాగితాల కట్ట ఒకటి దొరికింది. పదకొండు రసీదులు, మూడు ఉత్తరాల కవర్లు ఉన్నయి. రసీదుల మీది స్టాంపు బిళ్లల్లో ఇంగ్లీషు, ఉర్దూతోపాటు తెలుగు అక్షరాలు గూడ కనబడుతున్నయి. కొన్నింటి మీద తపాలా ముద్రే లేదు, సిరాతో అడ్డంగ గీసి సంతకం పెట్టిన్రు. అదే కట్టల అణాన్నర గాంధీ స్టాంపు ఒకటి విడిగా ఉంది. దాని మీద నల్లగ ‘సర్వీస్’ అని అచ్చు ఉంది, లక్షల్లో పలుకుతదని అంటున్నరు. నాకు మూడు సందేహాలు. నీళ్లల్ల నానబెట్టి ఆల్బంల పెట్టుకోవాల్నా? గీత గీసినవి పనికిరానివా? గాంధీ బిళ్ల అసలుదేనా?

నల్గొండ నుంచి:
తమ్మీ, ముందుగల ఆ నీళ్ల గిన్నె పక్కన పెట్టు. రసీదు మీదున్న స్టాంపు రసీదుతోనే ఉండాలె. ఊడదీసినవంటే అది ఎక్కడ, ఏ సంవత్సరం, దేనికి వాడిన్రో చెప్పే ఆధారం పోతది, చేతిల చిన్న రంగు కాగితం ముక్క మిగులుతది. ఇంకోటి, ఆ కాలపు కలం సిరా నీళ్లు తగిలితే పారుతది. సంతకం కరిగి బిళ్ల మీదికి పాకిందంటే రెండూ ఖరాబే.

గీత గీసినవి పనికిరానివి కావు. బిళ్ల మీద ‘పోస్ట్ అండ్ రిసీట్’ అని ఇంగ్లీషుల ఉందా చూడు. 1915 ప్రాంతంల హైదరాబాద్ రాజ్యం తెచ్చిన రకం అది. ఒకటే బిళ్ల ఉత్తరానికి తపాలా స్టాంపు, సొమ్ము ముట్టినట్టు రాసిచ్చిన రసీదుకు రెవెన్యూ స్టాంపు. ఉత్తరం మీదైతే తపాలా వాళ్లు గుండ్రటి ముద్ర కొట్టిన్రు. రసీదు మీదైతే సొమ్ము తీసుకున్నాయన బిళ్ల మీదికి వచ్చేటట్టు సంతకం చేసిండు, మళ్ల ఎవరూ వాడకుండ. అంటే నీ రసీదుల మీది గీత రెవెన్యూ వాడకానికి గుర్తు. విడి బిళ్ల మీద సిరా గీత ఉంటే తపాలా సేకరణల దానికి విలువ తగ్గుతది, నిజమే. పూర్తి రసీదుతో ఉంటే మాత్రం రెవెన్యూ స్టాంపులు జమచేసేటోళ్లకు అదే కావాలె.

తెలుగు అక్షరాల సంగతి: 1871లో మొదలైన వరుసలోనే విలువను ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు, మరాఠీ నాలుగింట్ల చెక్కిన్రు. భూతద్దంతో ‘అణా’ అన్న చోట చూడు. అంత చిన్న జాగాల తెలుగు గుండ్రదనం చెక్కిన చెయ్యి ఎవరిదో గానీ, చూసినకొద్దీ చూడబుద్ధయితది.

మిర్యాలగూడ నుంచి:
గాంధీ స్టాంపు గురించి నేను చెప్తా. 15 ఆగస్టు 1948న నాలుగు విలువల్లో వచ్చినయి: అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాలు, 10 రూపాయలు. స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే ప్రెస్సులో అచ్చయినయి. ‘బాపు’ అని హిందీలో, ఉర్దూలో రెండింటా ఉంటది. అందులోంచి గవర్నర్ జనరల్ వాడకం కోసమని 100 సెట్ల మీద మాత్రమే ‘సర్వీస్’ అచ్చు వేసిన్రు. ఆ 10 రూపాయల సర్వీస్ బిళ్లలు నాలుగు కలిసి ఉన్న పట్టీ 2017లో ఇంగ్లండులో 5 లక్షల పౌండ్లకు పోయింది. లక్షల మాట అక్కడి నుంచి పుట్టింది.

ఇబ్బంది ఏందంటే, మామూలు అణాన్నర గాంధీ బిళ్లలు లెక్కలేనన్ని ఉన్నయి. వాటి మీద ‘సర్వీస్’ అని తరువాత అచ్చు వేయడం మోసగాళ్లకు తేలిక. ఇంట్లోనే చూసుకోదగ్గ పరీక్షలు రెండున్నయి. బిళ్ల మీద తపాలా ముద్ర ఉంటే, ముద్ర సిరా, అక్షరాల సిరా ఒకదాన్నొకటి దాటే చోటు పట్టుకో. పది రెట్లు పెద్దగ చూపే భూతద్దం కావాలె, ఎండ ఏటవాలుగా పడే కిటికీ దగ్గర చూడాలె. అక్షరాల నలుపు ముద్ర మీదికి ఎక్కి ఉంటే దొంగదే. వాడిన తరువాత అచ్చు వేసిందన్నట్టు. అసలుదానిలో అక్షరాలు కింద, ముద్ర పైన ఉండాలె. రెండోది: వెనుక వైపు చూడు. రబ్బరు ముద్రతో కొట్టినదైతే అక్షరాల అంచులకు సిరా చిమ్మి నీడలాగ ఉంటది.

ఈ రెండు పరీక్షలూ దొంగదాన్ని పట్టిస్తయి గానీ, అసలుదని తేల్చవు. అన్ని దాటినా నిపుణుల సంఘం ఇచ్చే ధ్రువపత్రం లేకుండ దాన్ని అసలుదని అమ్మొద్దు, కొనొద్దు. 600 డీపీఐల రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకో, చేతులతోని ముట్టకు, మొన గుండ్రంగ ఉన్న చిమటా వాడు.

దేవరకొండ నుంచి:
ఇందులోనే నాదో అనుమానం. తలకిందులైన బొమ్మ స్టాంపులు అని ఆన్‌లైన్‌ల అమ్ముతున్నరు. వాటిని నమ్మొచ్చా?

మిర్యాలగూడ నుంచి:
ఎట్ల అచ్చయిందో తెలిస్తే సగం మోసం అక్కడనే ఆగుతది. తలకిందులు కావాలంటే కాగితం యంత్రంలోకి కనీసం రెండుసార్లు పోవాలె. 1854లో కలకత్తాలో అచ్చయిన నాలుగణాల బిళ్ల తీసుకోండి. ఎర్ర చట్రం ఒకసారి, నీలి రంగుల విక్టోరియా రాణి తల ఇంకోసారి. రెండోసారి కాగితాన్ని తిప్పి పెట్టినందుకు తల తలకిందులైంది. అమెరికాలో 1918లో 24 సెంట్ల విమానం స్టాంపుదీ అదే కథ. చట్రం ఎరుపు, విమానం నీలం. అట్లాంటి షీటు ఒక్కటే బయటపడింది, అందులో 100 బిళ్లలు.

కాబట్టి ఒకే రంగుల, యంత్రంలకు ఒక్కసారే పోయి అచ్చయిన బిళ్లకు లోపలి బొమ్మ మాత్రం తలకిందులైందని ఎవరన్న చెప్తే అక్కడనే ఆగాలె. నాలుగణాల దానికి ఇంకో మోసం గూడ ఉంది: తలను కత్తిరించి తిప్పి అతికిస్తరు. వెలుతురుకు ఎదురుగ పట్టుకుంటే అతుకు గీత తల చుట్టూ కనబడతది. అతుకు దాచనీకి వెనుక కాగితం అంటించి ఉంటే అసలే ముట్టొద్దు.

స్వీడన్‌ది వేరే రకం. 1855లో మూడు స్కిల్లింగుల (అప్పటి వాళ్ల నాణెం) బిళ్ల ఆకుపచ్చలో రావాలె. ఎనిమిది స్కిల్లింగుల పసుపు షీటు అచ్చులో మూడు స్కిల్లింగుల దిమ్మె ఒకటి కలిసిపోయిందని లెక్క. ఆ పసుపు రంగుది ఇప్పటికి ఒక్కటే తెలుసు.

పాలమూరు నుంచి:
మా స్కూలు పిల్లలకు తపాలా వింతల మీద ప్రదర్శన పెట్టాలి, ఖర్చు తక్కువలో. పైన చెప్పినవన్నీ అందనివే. చేతికి దొరికేవి ఏమైనా ఉన్నాయా?

నల్గొండ నుంచి:
ఉన్నయి సార్, మంచివే ఉన్నయి. అన్నిటికంటె ముందు 1949 పురావస్తు వరుసలోని ఒక అణా బోధిసత్వుడు. బొమ్మ అద్దంలో చూసినట్టు ఎడమ కుడులు తారుమారై అచ్చయింది. 1950లో సరిచేసి మళ్ల వేసిన్రు. రెండూ మామూలు వాడకం బిళ్లలే, దొరుకుతయి. పక్కపక్కన పెట్టి చెయ్యి ఏ వైపు ఉందో పిల్లలనే కనుక్కోమనండి. ప్రభుత్వ ప్రెస్సే తప్పు చేసి దిద్దుకున్న ఉదాహరణ ఇంత చవకగ ఇంకోటి దొరకదు.

తరువాత వాసన స్టాంపులు: గంధం 2006, గులాబీ 2007, మల్లె 2008, కాఫీ 2017. వీటిని మాత్రం ఒకే కవర్ల పెట్టొద్దు, వాసనలు కలిసిపోతయి. నీళ్లల్ల అసలే ముంచొద్దు. 2011లో వచ్చిన ఖద్దరు గాంధీ స్టాంపు బట్ట మీద అచ్చయింది. పోచంపల్లి, గట్టుప్పల మగ్గాలు చూసిన మన పిల్లలకు అది చూపిస్తే వేరే చెప్పే పని లేదు. భూటాన్ వాళ్లు 1970ల మొదట్ల గ్రామఫోను రికార్డు స్టాంపులు తెచ్చిన్రు. సూది పెడితే నిజంగనే పాట వస్తది. అసలువి ఖరీదు, రంగుల ఫొటో పెట్టి కింద ‘నకలు’ అని రాయండి.

ప్రదర్శన చట్రానికి మామూలుగ 16 పేజీలు, ఏ4 సైజు. పేజీకి రెండు మూడు బిళ్లలకంటె ఎక్కువ వద్దు. బిళ్లను జిగురుతో అతికించకండి. మౌంటులో (బిళ్ల దూరేటి పారదర్శక ప్లాస్టిక్ జేబు) గానీ, నాలుగు మూలలు కాగితంతో పట్టి గానీ పెట్టాలె. సెల్లోటేపు ముట్టనీయొద్దు. రెండేండ్లల్ల దాని జిగురు కాగితం లోపలికి దిగి గోధుమ రంగు మరక పడతది, అది పోదు.

పాలమూరు నుంచి:
ధన్యవాదాలు. మామూలు కవర్ల మీది కొత్త స్టాంపులను పిల్లలతో నానబెట్టిస్తే ఒక్కోసారి చిరుగుతున్నాయి, రంగు కూడా దిగుతోంది. తప్పెక్కడ?

మిర్యాలగూడ నుంచి:
తొందర దగ్గర. కవరును బిళ్ల చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించండి. రంగు కవర్లవి, ఊదా రంగు ముద్ర పడ్డవి వేరే గిన్నెల వేయాలె. వాటి రంగే మిగతా వాటికి ఎక్కుతది. గోరువెచ్చటివి వద్దు, చల్లటి మామూలు నీళ్లు చాలు. 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, బిళ్ల దానంతట అది జారేదాక ఆగాలె. గోటితో లేపినప్పుడే వెనుక పొర లేస్తది. ఇంకో గిన్నెల మంచినీళ్లతో జిగట పోయేదాక కడిగి, తెల్ల బ్లాటింగ్ కాగితం మీద బొమ్మ కిందికి పెట్టి నీడకు ఆరబెట్టండి. కొంచెం తడి ఉండంగనే రెండు బ్లాటింగుల నడుమ పెట్టి పైన లావు పుస్తకం ఒక రాత్రంతా ఉంచితే ముడుచుకోవు. ఇస్త్రీ వద్దు. స్టిక్కరు లాంటి బిళ్లలు నీళ్లకు ఊడవు, వాటిని కవరు ముక్కతోనే ఉంచండి.

నకిరేకల్ నుంచి:
అన్నా, చెప్పినట్టే చూసిన. గాంధీ బిళ్ల మీద నలుపు అక్షరాలు ముద్ర మీదికి ఎక్కి ఉన్నయి. దొంగదే అనుకుంట. రసీదులు ముట్టలే. ఒక కవరు మీద చార్మినార్ బొమ్మ ఒక అణా బిళ్ల ఉంది, లోపల ఉత్తరంల 1341 అని ఉంది. అదేం సంవత్సరం?

నల్గొండ నుంచి:
అది ఫస్లీ, నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. 590 కలుపు, 1931 వస్తది. ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో అక్టోబరుల మొదలయితది కాబట్టి, కొత్త ఇంగ్లీషు సంవత్సరం వచ్చినంక రాసిన ఉత్తరమైతే 591 కలపాలె. అంటే నీది 1931 అక్టోబరు నుంచి 1932 అక్టోబరు లోపటిది. చార్మినార్ బిళ్ల 1931లో మొదలైన బొమ్మల వరుసది. హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహల ముఖద్వారం, బీదర్ మదర్సా, దౌలతాబాద్ మీనారు అందులోవే. బిళ్లకు, తారీఖుకు పొంతన కుదిరింది. ఒకవేళ అదే చార్మినార్ బిళ్ల 1335 ఫస్లీ ఉత్తరం కవరు మీద కనబడితే, ఎవరో వేరే కవరుది తీసి అతికించిన్రని అనుమానించాలె.

ఉత్తరాన్ని కవరులోంచి తీసి, మడతలు విప్పి, విడి కాగితంల చుట్టి కవరు పక్కనే ఉంచు. మళ్ల మళ్ల లోపలికి దూరిస్తే మూలలు చిరుగుతయి. మెరిసే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, మన ఎండకు అవి చెమ్మగిల్లి సిరాను లాక్కుంటయి. గ్లాసిన్ అనే నున్నటి పలుచని కాగితపు కవర్లు తీసుకో. రేకుల కప్పు కింది గదిల, అటక మీద పెట్టకు. ఇంటి నడిమి గదిల, గోడకు ఆనకుండ నిలువుగ పెట్టు. వానకాలం డబ్బాల సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి నెలకోసారి మార్చు. పురుగు పట్టకుండ నాఫ్తలీన్ గోళీలు వేయాలనుకుంటే కాగితానికి తగలకుండ, గుడ్డ మూటల. ఒక్కో రసీదుకు ఫస్లీ తారీఖు, ఊరు, మొత్తం ఎంత అన్నది విడి చీటీ మీద పెన్సిలుతో రాసి జోడించు, రసీదు మీద మాత్రం ఏమీ రాయకు. మిగతా రెండు కవర్ల ముద్రలు స్కాన్ చేసి ఇక్కడ పెట్టు, ఊరి పేరు ఉర్దూల ఉంటే చదివి చెప్తం. ‘సర్కారీ’ అని ఉర్దూ అచ్చు బిళ్ల మీదనే కనబడిందంటే అది దఫ్తరు వాడకానిది, దానికి వేరే పేజీ పెట్టు.