పిప్పి పన్ను: పీకించేయాలా, రూట్ కెనాల్ చేయించాలా?

కొరిటెపాడు_అబ్బాయి:
మా అమ్మకి 56 ఏళ్ళు. కింది వరసలో కుడివైపు దవడ పన్ను పుచ్చిపోయి మూడు నెలలుగా బాధపడుతోంది. సలుపు మొదలైతే లవంగ నూనెలో దూది ముంచి పెట్టుకుంటుంది, తగ్గగానే మర్చిపోతుంది. మొన్న శనివారం రాత్రి బుగ్గ వాచింది. డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి, పన్ను నిలబడుతుంది, రూట్ కెనాల్ చేసి, పన్ను మీద తొడుగులా క్యాప్ వేస్తే మొత్తం 9,500 అవుతుందన్నారు. పీకడానికైతే 600. "ఈ వయసులో నాకెందుకురా, తీయించెయ్. ఆ డబ్బులు పాప ఫీజుకి ఉంటాయి" అంటోంది అమ్మ. నేను డబ్బుకి వెనకాడట్లేదు. కూర ముద్ద నమలలేక రోజూ మజ్జిగన్నం మింగుతుంటే చూడలేకపోతున్నాను. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పటమట_వాసి:
తీయించెయ్ తమ్ముడూ. నేను రూట్ కెనాల్‌కి నాలుగుసార్లు తిరిగాను. రెండేళ్ళకి అదే పన్ను నిలువునా చీలి, చివరికి పీకించుకున్నాను. రెండు ఖర్చులూ నావే.

తెనాలి_అక్క:
దాని మీద క్యాప్ వేయించారా?

పటమట_వాసి:
లేదక్కా. నొప్పి పోయింది కదా అని మళ్ళీ వెళ్ళలేదు. సంక్రాంతికి చేగోడీ కొరికితే విరిగింది.

దంత_వైద్యురాలు_గుంటూరు:
చాలామంది పళ్ళు పోయేది అక్కడే అండి. పన్ను లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా వెళ్తే రూట్ కెనాల్‌లో ఆ గుజ్జంతా తీసి, వేర్ల కాలువలు శుభ్రం చేసి, గట్టాపెర్చా అనే పదార్థంతో మూసేస్తాం. పుచ్చిపోయి, మేం కూడా లోపలికి దారి చేశాక పన్ను బలం తగ్గుతుంది. అసలు నమిలే పని దవడ పళ్ళదే. అందుకే వాటికి క్యాప్ తప్పనిసరి అంటాం.

ఇంకో మాట. నొప్పి దానంతట అదే తగ్గితే పన్ను బాగుపడినట్టు కాదు. చాలాసార్లు లోపల నరం చచ్చిపోయి నొప్పి తెలియదు, ఇన్‌ఫెక్షన్ మాత్రం వేరు చివర ఎముకలోకి దిగుతుంది. మీ అమ్మగారి బుగ్గ వాచింది అందుకే అయి ఉంటుంది. యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గుతుంది, కానీ చచ్చిన నరానికి రక్తం అందదు కాబట్టి మందు పన్ను లోపలికి చేరదు. బిళ్ళలతో నెట్టుకురావద్దు. జ్వరం వచ్చినా, నోరు తెరవడానికి, మింగడానికి కష్టమైనా రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

బ్రాడీపేట_మాస్టారు:
మా ఇంట్లో జరిగింది చెబుతాను. నా భార్య కింది దవడ పన్ను పీకించి ఆ ఖాళీ అలాగే వదిలేశాం. కొన్నేళ్ళకి పక్క పన్ను అందులోకి ఒరిగింది, పై పన్ను కిందికి దిగింది. ఆ సందులో అన్నం ఇరుక్కుని పక్కదీ పుచ్చింది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ళ మీద ఆనే కట్టుడు పన్ను, కట్టాలంటే అటూ ఇటూ ఉన్న పళ్ళు అరగదీయాలన్నారు. ఎముకలో స్క్రూ బిగించి పెట్టే ఇంప్లాంట్ పన్నుకి 30 వేలు చెప్పారు. 600 తో ఆగుతుందనుకోకు బాబూ.

మిర్చియార్డు_మిత్రుడు:
మాస్టారూ, మీ మాట కాదనను. కానీ మా యార్డులో బస్తాలు మోసే మనిషి నాలుగుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్తే నాలుగు రోజుల కూలి పోతుంది. మా అన్న నొప్పి భరించలేక మూడు పళ్ళు పీకించుకున్నాడు. అది తెలియనితనం కాదు, ఆ రోజుకి అతని చేతిలో ఉన్న దారి అదొక్కటే. పన్ను నిలబెట్టుకోవాలని ఎవరికి ఉండదు?

దంత_వైద్యురాలు_గుంటూరు:
మీరన్నది నిజం అన్నయ్యా. పన్ను చిగురు కింది దాకా పగిలినా, చుట్టూ ఎముక కరిగి ఊగుతున్నా పీకడమే సరైన వైద్యం, అది నేనే చెబుతాను. నిలబడే పన్ను డబ్బు లేక పోతుంటేనే బాధ. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులో ప్రైవేటు కాలేజీ ఉంది. ఇలాంటి చోట్ల ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, ఖర్చు తక్కువ. కానీ తిరుగుళ్ళు ఎక్కువే, ఆ కూలి సంగతికి నా దగ్గరా జవాబు లేదు.

కృష్ణలంక_పెద్దమ్మ:
కింది పన్ను కాబట్టి సరే. పై పన్ను అయితే ముట్టుకోవద్దు నాయనా, చూపు పోతుంది. క్లీనింగూ వద్దు. మా మరిదికి గార తీశాక పళ్ళు కదిలాయి.

దంత_వైద్యురాలు_గుంటూరు:
పెద్దమ్మా, చూపు నరం వేరు, పళ్ళ నరం వేరు. పై పన్ను తీస్తే చూపు పోదు. గార సంగతికొస్తే, ఏళ్ళ తరబడి పేరుకున్న గార కింద ఎముక అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. గారే పట్టు ఇస్తున్నట్టు ఉండి, తీశాక కదలిక బయటపడుతుంది. తీయకపోతే ఇంకా వదులవుతాయి.

అబ్బాయ్, ఒకటి అడగాలి. అమ్మగారికి షుగర్ పరీక్ష చేయించారా?

కొరిటెపాడు_అబ్బాయి:
ఎప్పుడూ చేయించలేదు మేడమ్. రేపు పొద్దున్నే చేయిస్తాను.

(నాలుగు రోజుల తర్వాత)

కొరిటెపాడు_అబ్బాయి:
పరగడుపున 214 వచ్చింది. మాకెవరికీ తెలియదు. చాలా టెన్షన్ పడ్డాం. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు పాడవుతాయని, నోట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రాదని డాక్టర్ గారు చెప్పారు. షుగర్‌కి మందులు మొదలుపెట్టాం. పన్ను విషయం ఆగేది కాదని నిన్న రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్ చేశారు. చీము బయటికి వచ్చేసింది, రాత్రి అమ్మ నిద్రపోయింది. పీకించెయ్ అన్న అమ్మే ఈ రోజు "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగింది.

ఫ్లోరైడ్ పేస్ట్‌తో రెండు పూటలా తోముకోమన్నారు. రాత్రి పూట అలవాటు లేదని అమ్మ గొణిగింది. నేనూ పక్కనే నిలబడి తోముకుంటున్నాను.

పటమట అన్నా, చేగోడీ సంగతి మర్చిపోను. క్యాప్ వేసేదాకా కుడివైపు నమలనివ్వను. మేడమ్, క్యాప్ జిర్కోనియాదా (లోహం లేని గట్టి తెల్ల పదార్థం), లోహం మీద సిరామిక్‌దా అని ఇక్కడి డాక్టర్ గారు మమ్మల్ని అడిగారు. దవడ పన్నుకి ఏది వేయించమంటారు?