అప్‌డేట్: బి గ్రేడ్ల అబ్బాయికి యూదు వాతావరణమున్న కాలేజీ దొరికింది

మావారు యూదులు, ఉండేది న్యూజెర్సీలో. మావాడివి అన్నీ బి గ్రేడ్లే, షబ్బాత్‌కి (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం) నలుగురు తోడుండే కాలేజీ చెప్పమని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మేరీలాండ్‌లోని టౌసన్ యూనివర్సిటీలో చేరాడు.

"యూదు విద్యార్థుల శాతాలు వదిలేసి శుక్రవారం సాయంత్రం వెళ్లి చూడండి" అన్న సలహానే పనిచేసింది. అక్కడి హిల్లెల్‌కి (యూదు విద్యార్థుల సంఘం) ముందే మెయిల్ పెట్టి వెళ్లాం. షబ్బాత్‌కి చేసే హల్లా రొట్టె తుంచి అందిస్తున్న ఒకమ్మాయి మావాడి పేరడిగి, పక్కన కుర్చీ లాగింది. కాలేజీ అప్పుడే ఖాయమైపోయింది! దగ్గర్లోనే బాల్టిమోర్ వైపు పైక్స్‌విల్, అక్కడ సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), యూదుల ఆహార నియమాలు పాటించే కోషర్ షాపులు బోలెడు.

యూదు విద్యార్థులు ఎక్కువుండే బ్రాండైస్, బింగమ్‌టన్ యూనివర్సిటీలకి మార్కులు చాలవని పడ్డ బెంగంతా అనవసరం. ఎస్ఏటీ (కాలేజీ ప్రవేశాలకి రాసే పరీక్ష) కోచింగూ దండగే, ఇక్కడ స్కోరు పంపకుండానే అప్లై చేయొచ్చు. వేరే రాష్ట్రం వాళ్లం కాబట్టి ఫీజు మాత్రం ఎక్కువే.